నడిమింట్లో ఆగిన సిగ్నల్

ముందుగా నా అబద్ధాలు ఒప్పేసుకుంటాను. నల్లమల దారిలో పులి వచ్చి నేను కుట్టిన పరుపు మీద పడుకుని గురక పెట్టిందని చెప్పాను కదా... అది అబద్ధం. చీరాల సముద్రంలో చేప తల పైకెత్తి నన్ను పేరు పెట్టి పిలిచిందన్నది కూడా అబద్ధమే. పిలవలేదు. ఊరికే చూసింది. మా ప్రత్తిపాడులో నన్ను కోతల కాసిం అనేది అందుకే.

ఇన్నేళ్ళ తర్వాత ఇవన్నీ ఎందుకు ఒప్పుకుంటున్నానంటే... ఇప్పుడు చెప్పబోయేది వాటి పక్కన కూర్చోకూడదు. ఇది జరిగింది. నా ఇంట్లో జరిగింది. ఆ రాత్రి నాతో పాటు ఇద్దరున్నారు. ఒకడు జోసెఫ్. నా చిన్ననాటి స్నేహితుడు, గుంటూరులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. దయ్యాలంటే పడీపడీ నవ్వుతాడు. రెండోది నా కూతురు నూర్జహాన్. నర్సు. రక్తం చూసినా కదలదు. కావాలంటే వాళ్ళని అడగండి. జోసెఫ్ మాట మార్చేస్తాడు. నూర్జహాన్ మార్చదు... ఊరుకుంటుంది.

ఊరికి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. మిరపకాయ కల్లాల్లో ఎండుతున్న కాలం. రాత్రిపూట గాలి తిరిగిందంటే వీధి వీధంతా ఒకేసారి తుమ్మేది.

మాది రైలు పెట్టెల్లాంటి ఇల్లు. ఒకదాని వెనక ఒకటి, మూడే గదులు. ముందుగది నా పరుపుల కొట్టు. మధ్యలో నడిమిల్లు. వెనక వంటగది, అందులోనే ఓ పక్కన నూర్జహాన్ మంచం, బల్ల. అది దాటితే దొడ్డి. మేం దూదేకులవాళ్ళం. తాతల నాటి నుంచీ దూది ఏకడం, పరుపులు కుట్టడమే పని. టెలిఫోన్ తీగ ముందుగది దాకానే వచ్చింది కాబట్టి జోసెఫ్ తెచ్చిన రూటరు కూడా ముందుగది గూట్లోనే కూర్చుంది. రెండు కొమ్ములు. నాలుగు పచ్చ దీపాలు. దూది ధూళిలో మిణుకు మిణుకుమంటూ...

ఆ రాత్రి పన్నెండింటికి నూర్జహాన్ అప్లికేషన్ గడువు అయిపోతుంది. సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టు. గుంటూరు నర్సింగ్ హోములో మూడేళ్ళుగా రాత్రీ పగలూ చాకిరీ చేస్తూ ఈ నోటిఫికేషన్ కోసమే ఎదురుచూసింది పిల్ల. మళ్ళీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఫారం నింపేసింది. సర్టిఫికెట్లు ఎనిమిది. ఒక్కొక్కటీ పంపాలి. ఎనిమిదీ వెళితేనే ఫారం వెళ్ళినట్టు.

పదిన్నరకి ఒక్కటే వెళ్ళింది.

"సగం దాకా వెళ్తుంది నాన్నా. ఆగుతుంది. మళ్ళీ మొదటికొస్తుంది" అంది. గొంతులో ఏడుపు లేదు. ఏడుపు కంటే చెడ్డదేదో ఉంది.

అందుకే జోసెఫ్‌ని పిలిపించాను. మోటార్‌సైకిలు దిగీ దిగగానే ముందుగదిలో కూర్చుని తన ల్యాప్‌టాప్ తెరిచాడు. సిగ్నల్ అయిదు గీతలు. పేజీలు గుర్రాల్లా పరుగెత్తాయి. గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన దగ్గర గొప్పకోసం కొన్న నా ఫోనులో కూడా నాలుగు గీతలు. వంటింట్లో నూర్జహాన్ పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం... ఒక్కటి.

"ఒకే ఇల్లు, ఒకే నెట్టు. నీకొక న్యాయం, నా కూతురికొక న్యాయమా?" అన్నాను.

"ఒరేయ్ కాసిం, రూటరు అందరికీ ఒకేలాగే అరుస్తుంది. వినే చెవులే వేరు" అన్నాడు జోసెఫ్. "నాది కుర్ర చెవి. అమ్మాయిది ముసలి మిషను, వినికిడి తక్కువ. చెప్పిందే నాలుగుసార్లు చెప్పాలి. నీ ఫోనుందే, అది వినడం బాగానే వింటుంది, తిరిగి మాట్లాడాలంటే గొంతు చాలదు. నీకు సరిగ్గా ఉల్టా."

"మరి మీ మిషన్లో పంపండి బాబాయ్" అంది నూర్జహాన్ వెనక నుంచి.

"నీ ఫారం అక్కడ తెరిచి ఉందిగా తల్లీ. ఇక్కడ తెరిస్తే అరగంట తాళం వేసేస్తుంది ఆ సైటు. పొద్దున్న ఒకడికి అలాగే అయింది."

పోనీ నూర్జహాన్‌నే ముందుగదిలోకి తెచ్చి కూర్చోబెడదామంటే... ఆ సాయంత్రమే రెండు పెళ్ళి పరుపులకి దూది ఏకాను. గదంతా తెల్లటి పొగ. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ ఆయాసం. అయిదు నిమిషాలు కూర్చుంటే ఊపిరాడదు. మిషనొక్కటే తెద్దామంటే దాని బ్యాటరీ చచ్చింది, ప్లగ్గు పీకితే ఆరిపోయి ఫారం మూసుకుపోతుంది. పొడవు తీగ వేద్దామంటే అది గుంటూరు కొట్లో ఉంది. వెళ్ళి వచ్చేసరికి పన్నెండు దాటుతుంది.

ఇక మిగిలింది నడిమిల్లు.

నడిమింట్లో ఎవరూ కూర్చోవడం లేదు. ముప్పై ఎనిమిది రోజులుగా.

మా అమ్మ పోయింది ఆ గదిలోనే. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయిన చోట నలభై రోజులు దీపం ఆరకూడదు. పక్కనే కొత్త కుండలో నీళ్ళు పెట్టి, మూత మీద లోటా బోర్లించాలి. రోజూ సందెవేళ నీళ్ళు మార్చాలి. పోయినవాళ్ళు ఇల్లు ఒక్కసారిగా వదలరని, దాహమేసి వస్తారని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నలభయ్యో నాడు ఫాతిహా చదివించి, నలుగురికీ అన్నం పెట్టి, అప్పుడు తీయాలి కుండని. ఆ నలభై మర్నాడే. నా భార్య మస్తాన్‌బీ ఉల్లిపాయలు తరగడానికి పక్కవీధిలో వాళ్ళ అక్క ఇంటికి వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి మరీ చెప్పింది.

"ఏమయ్యా, నువ్వు మీ జోసెఫూ కలిసి ఇల్లు పీకి పందిరేసినా సరే. ఆ కుండ జోలికి మాత్రం పోబాకండి. తెల్లారాక నేనే తీస్తా."

"నాకేం పని దాంతో?" అన్నాను.

నిజంగానే అన్నాను.

జోసెఫ్ ల్యాప్‌టాప్‌ని అరచేతి మీద పళ్ళెంలా పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. అందులో ఏదో ప్రోగ్రాం. సిగ్నల్ బాగుంటే టిక్‌టిక్‌టిక్ మని గబగబా కొడుతుంది. తగ్గితే నెమ్మదిస్తుంది. ముందుగదిలో వడగళ్ళలా పడింది చప్పుడు. నడిమింటి గుమ్మం దాటాడు. టిక్... టిక్. వంటింట్లోకి వెళ్ళేసరికి... టిక్............ టిక్.

"దొంగ నడిమింట్లోనే ఉన్నాడు" అన్నాడు.

దీపం వెలుగులో చూశాడు. మర్నాటి వంటకి తెచ్చిన పెద్ద డేగిసాలు నాలుగు, ఒకదాని మీద ఒకటి, గోపురంలా. వాటి పక్కన కుండ. నిండా నీళ్ళు.

"ఇదిగోరా. ఇనుమూ అల్యూమినియమూ సిగ్నల్‌ని వెనక్కి కొడతాయి. నీళ్ళు తాగేస్తాయి."

"తాగేస్తాయా?"

"తాగేస్తాయి. నీళ్ళున్న దేనికైనా ఆ గుణం ఉంది. మనిషైనా అంతే. మనిషంటే ఏంట్రా, నడిచే నీళ్ళకుండ. అడ్డం నిలబడితే గీత పడిపోతుంది. చూడు." వెళ్ళి రూటరుకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య నిలబడ్డాడు. టిక్కులు నెమ్మదించాయి. పక్కకి జరిగాడు. మళ్ళీ గబగబా. "అర్థమైందా?"

అర్థమైంది. ఆ ముక్క ఆ రాత్రి నాకు అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

డేగిసాలు ఇద్దరం మోసి దొడ్లో పెట్టాం. నూర్జహాన్‌కి ఒక గీత రెండయింది. ఇంకో సర్టిఫికెట్ నత్తలా పాకి, తొంభై శాతం దాకా వెళ్ళి... ఆగింది.

పదకొండు దాటింది.

జోసెఫ్ కుండ వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేనే వెళ్ళాను. ఎవరూ చెప్పలేదు నాకు. "అమ్మా, మనవరాలి కోసమేలే. ఒక్క గంట" అని నవ్వుతూ అన్నాను కూడా. కుండ ఎత్తి దొడ్లోకి తీసుకెళ్ళి, బట్టలుతికే బండ మీద పెట్టాను. లోటా దాని మీదే బోర్లించాను. నడిమింట్లో దీపం ఒక్కటే మిగిలింది. కుండ ఉన్న చోట గచ్చు మీద గుండ్రంగా తడి మచ్చ.

"నాలుగు!" అని అరిచింది నూర్జహాన్. "నాన్నా, నాలుగు గీతలు!"

రెండోది వెళ్ళింది. మూడోది. నాలుగోది. నేను పులి కథలో లాగా మీసం మెలేశాను. అయిదోది కూడా వెళ్ళింది. ఇంకా మూడే. టైము పదకొండూ ఇరవై.

అప్పుడు ఆగింది.

"మళ్ళీ పడిపోయింది నాన్నా."

జోసెఫ్ లేచాడు. ఎక్కడ పడుతుందో తేలుద్దామన్నాడు. తన ల్యాప్‌టాప్‌ని ముందుగది, నడిమింటి మధ్య గుమ్మంలో పీట మీద పెట్టాడు. నా ఫోన్ని నడిమింటి కిటికీ గట్టు మీద నిలబెట్టాడు. మూడోది వంటింట్లో నూర్జహాన్ ముందు ఎలాగూ ఉంది. నన్ను ముందుగదిలో, రూటరుకి పక్కగా, గోడకి ఆనించి నిలబెట్టాడు. "కదలకు. నీ పొట్ట అడ్డం రానీకు" అన్నాడు. తను వెళ్ళి నూర్జహాన్ వెనక నిలుచున్నాడు.

టిక్‌టిక్‌టిక్‌టిక్...

బాగానే ఉంది. బయట కల్లం వైపు నుంచి ఘాటు గాలి వచ్చింది. ఎక్కడో ఎవరో తుమ్మారు.

టిక్‌టిక్‌టిక్... టిక్... టిక్......... టిక్.

నా ముందు. పీట మీద ల్యాప్‌టాప్. దాని ముందు ఎవరూ లేరు. నేను గోడకి అతుక్కుని ఉన్నాను. రూటరు దీపాలు నాలుగూ పచ్చగా వెలుగుతున్నాయి. టిక్కు మాత్రం... ఎవరో అడ్డం వచ్చినట్టు.

మూడు సెకన్లు. నాలుగు. అయిదు.

టిక్‌టిక్‌టిక్‌టిక్. మామూలైపోయింది.

"ఇక్కడ ఒకసారి పడి లేచిందిరా" అని కేకేశాను.

"ఇక్కడ బాగానే ఉంది" అన్నాడు జోసెఫ్ వంటింట్లోంచి.

నా కళ్ళు కిటికీ గట్టు మీదికి వెళ్ళాయి. ఫోను. నాలుగు గీతలు. నేను చూస్తుండగానే మూడు. రెండు. ఒకటి. ఆగింది. ఆగి... ఒకటి. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

నేను ఏదైనా అనేలోపే నూర్జహాన్ గొంతు.

"ఇప్పుడిక్కడ పడింది."

ముందు ల్యాప్‌టాప్. తర్వాత ఫోను. తర్వాత నూర్జహాన్. వరసగా. ముందుగది నుంచి వెనక్కి.

"పక్కింటి రూటరు అడ్డం తగులుతోందేమో" అన్నాడు జోసెఫ్. పక్కింటాయన కూడా ఆ నెల్లోనే నెట్టు పెట్టించాడు. "రెండూ ఒకే దారిలో మాట్లాడితే ఇలాగే అవుతుంది."

"వరసగా అవుతుందా?"

జోసెఫ్ వంటింట్లో ఏవో మీటలు నొక్కాడు.

మళ్ళీ మొదలైంది. ఈసారి వెనక నుంచి. ముందు నూర్జహాన్ది. తర్వాత కిటికీ గట్టు మీద ఫోను... నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఆగింది. తర్వాత నా ముందు... టిక్... టిక్......

"తిరిగొచ్చింది" అన్నాను.

జోసెఫ్ నడిమింటి అవతలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. మా ఇద్దరి మధ్య ఖాళీ నడిమిల్లు. దీపం. తడి మచ్చ. అమ్మ మంచం, దుప్పటి మడిచి పెట్టి ఉంది. ఇద్దరం ఫోను వైపే చూస్తున్నాం. గీతలు మళ్ళీ పడ్డాయి. లేచాయి. పడ్డాయి.

"మనిషి నడుస్తున్నట్టుందిరా" అన్నాడు జోసెఫ్.

ఆలోచించి అన్న మాట కాదు. మెకానిక్కు బుద్ధికి నోరు జారింది. అన్నాక వాడి ముఖం చూడాలి... దీపం వెలుగులో సున్నం కొట్టినట్టుంది. చెయ్యి మెడలో సిలువ మీదికి పోయింది. చిన్నప్పటి నుంచీ ఎరుగుదును వాణ్ణి. ఎప్పుడూ అలా చేయలేదు.

అప్పటిదాకా నాకున్నది భయం. తర్వాతది భయం కాదు. అంతకంటే లోపలిది.

ఎందుకంటే ఆ నడక నాకు తెలుసు.

అమ్మ చివరి నెల రోజులూ రాత్రిపూట నిద్రపోయేది కాదు. గోడకి అరచెయ్యి ఆనించుకుని వీధి గుమ్మం నుంచి దొడ్డి దాకా నడిచేది. మళ్ళీ వెనక్కి. మూడు చోట్ల ఆగేది ఊపిరి కోసం. ముందుగది గుమ్మంలో ఒకసారి. నడిమింటి కిటికీ దగ్గర, కొంచెం ఎక్కువసేపు. తర్వాత వంటింట్లో, నూర్జహాన్ మంచం దగ్గర. సరిగ్గా ఆ మూడు చోట్లే. జోసెఫ్‌కి అది తెలియదు. వాడు తన లెక్క ప్రకారం పెట్టాడు మూడు మిషన్లూ.

ఇంకో సంగతి. ఇది నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మస్తాన్‌బీకి కూడా.

అమ్మ పోయిన రాత్రి నూర్జహాన్ డ్యూటీలో ఉంది. మస్తాన్‌బీ నిద్రపోయింది. నేను ముందుగదిలో నలుగురిని కూర్చోబెట్టుకుని చేప కథ చెబుతున్నాను. అమ్మ నడిమింట్లోంచి పిలిచింది. "ఒరేయ్ కాసిం... కాసిని నీళ్ళియ్యిరా." నేను "వస్తున్నానమ్మా, చేప దగ్గరికొచ్చేశా" అన్నాను. అందరూ నవ్వారు. రెండోసారి పిలిచింది. "ఇదిగో అయిపోయింది" అన్నాను. మూడోసారి పిలవలేదు. నిద్రపోయిందనుకున్నాను. కథ పూర్తి చేశాను. బ్రహ్మాండంగా పండింది ఆ రోజు...

తెల్లారి చూస్తే మంచం పక్కన చెంబు కిందపడి ఉంది. ఖాళీగా.

ముప్పై ఎనిమిది రోజులు ఆ కుండలో నీళ్ళు నా చేత్తో నేనే మార్చాను. మస్తాన్‌బీ ఎందుకంటే చెప్పలేదు. ముప్పై తొమ్మిదో రాత్రి, మెదడు మోకాల్లోకి జారి, ఆ కుండని నేనే దొడ్లో పెట్టాను.

ఆమె నడుస్తున్నది నీళ్ళ కోసం.

"కుండ లోపల పెడతాను" అన్నాను.

"నీకు మతిపోయిందా!" జోసెఫ్ కేక పెట్టాడు. "ఒరేయ్, ఇరవై నిమిషాలుంది. మూడు పంపాలి. నిండు కుండ తెచ్చి మధ్యలో పెడితే ఉన్న రెండు గీతలూ పోతాయ్. కళ్ళారా చూశావుగా! పన్నెండు దాటాక పెట్టుకో. అమ్మ ఎటూ పోదు."

నడిమింటిని ఒక్క పరుగున దాటి నూర్జహాన్ దగ్గరికి వెళ్ళాను. మూడేళ్ళు. మూడు సర్టిఫికెట్లు. తెర మీద అరవై దగ్గర ఆగిపోయిన గీత. ఆ పిల్ల దాన్ని చూసింది. తర్వాత నా ముఖం చూసింది. నా ముఖంలో ఏం చదివిందో...

"పెట్టెయ్ నాన్నా" అంది.

దొడ్లోకి వెళ్ళాను. చీకటి. మిరప ఘాటు గొంతులో గుచ్చుకుంది. బండ మీద కుండ. చుట్టూ చెయ్యి వేశాను... చల్లగా ఉంది. మామూలు చల్లదనమే. ఎత్తుకుని వంటింట్లోంచి నడిచాను. నూర్జహాన్ పక్కకి తప్పుకుంది. నడిమింట్లోకి ఒక్కణ్ణే వెళ్ళాను. ఎన్ని అడుగులో చెప్పనా? ఆరు. రోజూ నడిచే ఆరడుగులు. ఆ రాత్రి అవి ప్రత్తిపాడు నుంచి గుంటూరు దాకా ఉన్నాయి.

తడి మచ్చ మీదే పెట్టాను. మూత సర్దాను. లోటా బోర్లించాను. బోర్లించాననే అనుకుంటున్నాను.

"అమ్మా" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. నోటికి ఊరంత అబద్ధం పుట్టే మనిషిని... ఒక్క నిజం ముక్క రాలేదు. "ఆలస్యమైందమ్మా" అన్నాను.

వెనక్కి నడిచి వంటింటి గుమ్మంలోకి వచ్చాను. అటు తిరిగి నడవలేదు. ముఖం కుండ వైపే.

టిక్...... టిక్............

అవతలి గుమ్మంలో పీట మీద ల్యాప్‌టాప్.

టిక్..................

తర్వాత లేదు.

కిటికీ గట్టు మీద ఫోను. ఒక్క గీత. అది కూడా పోయింది. నూర్జహాన్ మెల్లగా అంది. "నాన్నా... ఏమీ లేదు. మొత్తం పోయింది."

ఇంట్లో చప్పుడే లేదు. టిక్కు లేదు, కీచురాళ్ళు లేవు. నా ఊపిరి నాకు వినిపించకుండా బిగబట్టాను. దీపం ఒత్తి నిటారుగా నిలబడింది. గాలి లేదు. ఎంతసేపు... జోసెఫ్ అర నిమిషం అంటాడు. నాకు తెలియదు.

అప్పుడు.

టింగ్.

చిన్న చప్పుడు. లోటా కుండ అంచుకి తగిలితే ఎలా ఉంటుందో అలా. మరీ గట్టిగా కాదు. దాహమేసిన మనిషి నీళ్ళు ముంచుకుంటే...

మళ్ళీ నిశ్శబ్దం.

నేను చూడలేదు. కళ్ళు మూసుకున్నాను. కోతల కాసిం కళ్ళు మూసుకున్నాడని నవ్వుతారేమో, నవ్వండి. మీరైతే తెరుస్తారేమో. నేను తెరవలేదు.

టిక్.

టిక్. టిక్.

టిక్‌టిక్‌టిక్‌టిక్‌టిక్‌టిక్...

"అయిదు" అంది నూర్జహాన్. గుసగుసగా. ఆ ముసలి ల్యాప్‌టాప్‌లో అయిదో గీత వెలగడం అంతకు ముందు ఎవరం చూడలేదు. మధ్యలో నిండు కుండ ఉంది. కొత్త మిషను కాదు. చోటు మారలేదు. అయినా అయిదు.

ఆరోది వెళ్ళింది. ఏడోది. ఎనిమిదోది. జోసెఫ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పదకొండూ యాభై రెండుకి తెర మీద అప్లికేషన్ నంబరు పడింది. నూర్జహాన్ దాన్ని చేతి మీద రాసుకుంది. కాగితం వెతకడానికి నడిమింట్లోకి వెళ్ళాలి మరి.

తెల్లారి మస్తాన్‌బీ వచ్చింది. ఫాతిహా అయ్యాక కుండ తీయడానికి వంగింది.

"ఏమయ్యా, కుండ సగానికి సగం ఖాళీ అయిందేంటి? లోటాతో ముంచుకుని నువ్వేమన్నా తాగావా?"

వెళ్ళి చూశాను. లోటా మూత మీద లేదు. కింద గచ్చు మీద ఉంది. వెల్లకిలా. అడుగున రెండు చుక్కల నీళ్ళు.

జోసెఫ్ దగ్గర అన్నిటికీ సమాధానం ఉంది. కుండ రెండుసార్లు మోసినప్పుడు సన్నగా చీలి ఉంటుందట. లోటా నేనే వణికే చేత్తో పక్కన పెట్టి ఉంటానట. పక్కింటాయన సరిగ్గా ఆ నిమిషాన తన రూటరు ఆపేసి పడుకుని ఉంటాడట, అందుకే మాది ఒక్కసారి లేచిందట. అన్నీ నిజమే కావచ్చు. పక్కింటాయన్ని అడిగాను కూడా. "ఆపానేమో. గుర్తులేదు కాసిం" అన్నాడు. కుండలో నీళ్ళు పోసి చూశాను. ఒక చుక్క కారింది. తర్వాత కారలేదు.

"మరి వరసగా పడి లేవడం?" అని జోసెఫ్‌ని అడిగాను ఒకసారి.

"టీ తాగుదాం పదరా" అన్నాడు.

నూర్జహాన్‌కి ఉద్యోగం వచ్చింది. పొదిలి ఆసుపత్రిలో వేశారు. రాత్రి డ్యూటీ ఎక్కువ. ఒకసారి నేను వెళ్ళి చూశాను. వార్డు చివరి మంచం మీద ముసలాయన "నీళ్ళు" అని గొణిగాడు. నాతో మాట్లాడుతున్నదల్లా మాట మధ్యలోనే వదిలేసి వెళ్ళింది. ఏ రోగి చేతా రెండోసారి అడిగించుకోదట. అక్కడి ఆయా చెప్పింది. నేను నా కూతురికి ఆ చేప కథ రాత్రి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరు చెప్పారో...

మా ఇంట్లో ఇప్పటికీ నడిమింట్లో సిగ్నల్ ఉన్నట్టుండి పడుతుంది. జోసెఫ్ రూటరు రెండుసార్లు మార్చాడు. వాడు కేబుల్ని తిడతాడు, దూదిని తిడతాడు, నన్ను తిడతాడు. నేను మాత్రం గీతలు పడగానే లేచి, చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద పెట్టి వస్తాను. కొన్నిసార్లు గీతలు లేస్తాయి. కొన్నిసార్లు లేవవు. లేచినప్పుడు నీళ్ళ వల్లనో, పక్కింటాయన వల్లనో... ప్రమాణం చేసి చెప్పలేను.

ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ తర్వాత నేను కథలు చెప్పడం మానలేదు. కానీ కథ ఎంత రంజుగా ఉన్నా సరే, లోపల్నుంచి ఎవరైనా నీళ్ళడిగినట్టు అనిపిస్తే... పులిని గురక మధ్యలోనే వదిలేసి లేస్తాను. వెళ్ళి చూస్తే ఒక్కోసారి మస్తాన్‌బీ అడిగి ఉంటుంది.

ఒక్కోసారి మస్తాన్‌బీ నిద్రపోతూ ఉంటుంది.